స్కానర్ పక్కన గల్లా పెట్టె కూడా ఉండనివ్వండి

(తెనాలిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో, బ్యాంకు క్యాషియర్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు వేస్తాననుకుంటున్నారేమో. వేయను, రండి.

కరపత్రంలో 'నగదు రహిత లావాదేవీలు' అని అచ్చేశారు. అంత పెద్ద మాట నాకు నోరు తిరగదు. ఫోన్‌పే గురించి మాట్లాడతాను. గూగుల్ పే వాడేవాళ్లు, పేటీఎం వాడేవాళ్లు కోప్పడకండి, అన్నిటినీ కలిపే అంటున్నాను. బోసు రోడ్డు మీద నూటికి తొంభైమంది అలాగే అంటున్నారు కదా, "ఫోన్‌పే చేస్తానండీ" అని.

నన్ను పిలవడానికి వచ్చిన కుర్రాడు ఒక మాటన్నాడు. "మాస్టారూ, మీరు జీవితమంతా నోట్లు లెక్కపెట్టారు కాబట్టి నోట్ల తరఫున మాట్లాడతారేమో" అని. లేదు నాయనా. నోటు మీద నాకు మమకారమేమీ లేదు. ఆ నోట్లతో ఎలా వేగామో మీకేం తెలుసు? చేపల మార్కెట్ నుంచి వచ్చే నోట్లు తడిగా ఉండేవి, ఒకదానికొకటి అంటుకుపోయేవి. ఫ్యాన్ కింద ఆరబెట్టి లెక్కపెట్టేవాళ్లం. మిర్చి వ్యాపారుల కట్టలు విప్పితే ఘాటు. గుంటూరు యార్డు నుంచి వచ్చిన డబ్బు ఏదో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం, తుమ్ములను బట్టి. 2001లో రిజర్వు బ్యాంకు వద్దనేదాకా కట్టలకు స్టేపుల్ పిన్నులు కొట్టేవాళ్లం. అవి పీకి పీకి బొటనవేలి గోరు చీరుకుపోయేది. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఇంటికి వెళ్లేది లేదు. వంద తక్కువొస్తే జేబులోంచి వేసుకోవాలి. ఎక్కువొస్తే ఇంకా టెన్షన్, ఎవరిదో తెలియదు కాబట్టి.

కాబట్టి ఫోన్‌పే వచ్చిందని నాకేం బాధ లేదు. అది చేసిన మేలు ముందు చెప్తాను. తర్వాత నాకు నచ్చని ఒక్క విషయం ఉంది, అది చెప్తాను. ఈ సభలో కొట్లు ఉన్నవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు, ఆ రెండో విషయం మీకోసమే.

ముందు చిల్లర సంగతి. ఇక్కడున్న పిల్లలకు తెలియకపోవచ్చు. ఆర్టీసీ బస్సెక్కితే మనకూ కండక్టరుకూ మధ్య జరిగే మొదటి సంభాషణ ఏంటి? "చిల్లరుందా?" మనం లేదంటాం. ఆయన టికెట్ తిప్పి వెనకాల ఓ అంకె రాసి గుండ్రంగా చుట్టి చేతిలో పెడతాడు. దిగేటప్పుడు తీసుకోమని. ఇక అక్కడి నుంచి ప్రయాణమంతా ఆ అంకె మీదే ధ్యాస. కిటికీ బయట ఏముందో ఎవరు చూశారు? నిద్రపోతే ఊరు దాటిపోతుందని కాదు భయం, ఆ ముప్పై రూపాయలు దాటిపోతాయని. ఒక్కోసారి ఇద్దరికి కలిపి ఒక నోటిచ్చి "మీరిద్దరూ పంచుకోండి" అనేవాడు. ముక్కూమొహం తెలియని మనిషితో కలిసి బస్టాండులో చిల్లర కోసం సోడా తాగినవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తక్కర్లేదు, నవ్వులు వినిపిస్తున్నాయి. ఆడవాళ్లకు 2025 ఆగస్టు నుంచి ఆ బాధ లేదు లెండి, ఉచితం వచ్చింది కదా.

కిరాణా కొట్లో అయితే రెండు రూపాయలకు చాక్లెట్ ఇచ్చేవాళ్లు. ఎన్ని చాక్లెట్లు తిన్నామండీ మనం! అవే చాక్లెట్లు పోగుచేసి తీసుకెళ్లి పంచదార ఇమ్మంటే ఇస్తారా? ఇవ్వరు. చిల్లర లేకపోతే నష్టం ఎప్పుడూ కొన్నవాడికే. ఇప్పుడు నలభై ఏడు రూపాయలైతే నలభై ఏడే కొడుతున్నాం. ఇది చిన్న విషయం కాదు. ఫోన్‌పేని మన దేశంలో గెలిపించింది చిల్లరే అని నా అభిప్రాయం.

పెద్ద నోట్ల రద్దు గెలిపించింది కదా అంటారు కొందరు. ఆ కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు నేను కౌంటర్ అవతల ఉన్నాను, మీరంతా ఇవతల లైన్లో ఉన్నారు. కొందరు నన్ను తిట్టారు కూడా. యూపీఐ, అంటే ఈ ఫోన్‌పేలూ గూగుల్ పేలూ అన్నీ ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే పద్ధతి, అప్పటికే పుట్టింది. 2016 ఏప్రిల్ 11న రఘురామ్ రాజన్ గారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నప్పుడు ప్రారంభించారు, 21 బ్యాంకులతో. ఎవరికైనా తెలిసిందా? బ్యాంకులో పనిచేసే మాకే సరిగా తెలియదు. నవంబరు 8 రాత్రి ప్రధాని టీవీలో కనపడ్డారు. దేశంలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ రాత్రితో చెల్లకుండా పోయింది. ఆ తర్వాత రోజుల గురించి చెప్పను, అందరం పడ్డాం. ఒక్కటి చెప్తాను. పోపుల డబ్బాల్లో, బియ్యం డ్రమ్ముల్లో ఆడవాళ్లు దాచుకున్న డబ్బు నా కౌంటర్ మీదికి వచ్చింది. చాలామంది మొగుడికి తెలియకుండా తెచ్చారు. "అన్నయ్యా, మా ఇంటి ఫోనుకి మెసేజీ పోదు కదా" అని అడిగారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అప్పుడు ప్రభుత్వాలన్నీ నగదు రహితం, నగదు రహితం అని ఒకటే హడావిడి. ముఖ్యమంత్రులతో ఒక కమిటీ వేస్తే మన చంద్రబాబు గారే దానికి కన్వీనరు. తెలంగాణలో సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్ అని ఒక ఊరుంది. హరీశ్ రావు గారు దత్తత తీసుకున్న ఊరు. 2016 డిసెంబరుకల్లా దాన్ని నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. కొట్లలో స్వైపింగ్ మిషన్లు పెట్టారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. తర్వాత ఏమైంది? ఆ మిషన్లకు నెలనెలా అద్దె కట్టాలి. పల్లెటూళ్లో కిరాణా కొట్టు నడిపే మనిషి ఉప్పూ పప్పూ అమ్మి ఆ అద్దె ఎక్కడి నుంచి తెస్తాడు? భరించలేక మిషన్లు వెనక్కి ఇచ్చేశారు. ఊరు మళ్లీ నోట్లకే వచ్చింది.

ఇబ్రహీంపూర్ వాళ్లకు తెలివి లేక కాదండీ. లెక్క వచ్చు కాబట్టే ఇచ్చేశారు.

మరి అదే కిరాణా కొట్టు ఇప్పుడు ఫోన్‌పే ఎలా తీసుకుంటోంది? ఒక కాగితం ముక్కతో. ఆ నలుపూ తెలుపూ చుక్కల బొమ్మ, క్యూఆర్ కోడ్, జపాన్‌లో 1994లో పుట్టింది. కార్ల విడిభాగాలు ఎక్కడివక్కడ గుర్తుపట్టడానికి డెన్సో వేవ్ అనే కంపెనీలో తయారుచేశారు. ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. మన పానీపూరీ బండి దాకా వచ్చింది. దానికి కరెంటు అక్కర్లేదు, పేపరు రోలు అక్కర్లేదు, అద్దె లేదు. ఫోను, నెట్టు అన్నీ కొనేవాడివే. అమ్మేవాడిది గోడ మాత్రమే. ఇక 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర ఏ చార్జీ తీసుకోకూడదని కేంద్రం చట్టంలోనే పెట్టింది. క్రెడిట్ కార్డు గీస్తే వ్యాపారికి నూటికి రూపాయిన్నర, రెండు రూపాయలు పోతాయి. కిరాణాలో కొన్ని సరుకుల మీద మిగిలేదే అంత. ఆ రెండు రూపాయలు పోకుండా ఉంటే వద్దనేదెవరు? అదీ కాక 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్టు చవకైంది, జన్‌ధన్ ఖాతాలు అప్పటికే ఉన్నాయి. అన్నీ కలిసొచ్చాయి.

2019 అక్టోబరులో మొదటిసారి ఒక నెలలో వంద కోట్ల లావాదేవీలు దాటాయి. 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు. 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు. నెలకు! ఖాతా నుంచి ఖాతాకు అప్పటికప్పుడు డబ్బు పంపే పద్ధతుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. గర్వపడదగ్గ విషయమే, నేనూ గర్వపడతాను.

సౌండ్ బాక్స్ సంగతి కూడా చెప్పనివ్వండి, నాకు చాలా ఇష్టమైన వస్తువు అది. పొద్దున ఏడున్నరకి మన టిఫిన్ సెంటర్ల దగ్గర చూడండి. పెనం ముందున్న ఆయన చేతులు రెండూ పిండిలో ఉంటాయి. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో నూనె గిన్నె. తలెత్తడు. చుట్టూ పదిమంది ప్లేట్లు పట్టుకుని ఉంటారు. పక్కన ఆ డబ్బా "అరవై రూపాయలు అందాయి" అంటుంది. రెండు పెసరట్లు, ఒక టీ. అదెవరో ఆయనకు తెలుసు. మళ్లీ "నలభై రూపాయలు" అంటుంది. ఒకతను చేయి కడుక్కుని వెళ్లిపోబోతుంటే, తలెత్తకుండానే "బాబూ, నీది మోగలేదు" అంటాడు! అతను ఆగి ఫోన్ చూసుకుంటే నిజంగానే తిరుగుతూ ఉంటుంది. ఇంతకు ముందు స్క్రీన్‌షాట్ చూపించి జారుకునేవాళ్లు, నిన్నటి ఫొటో ఇవాళ చూపించేవాళ్లు. ఆ డబ్బా వచ్చాక అది తగ్గింది. దానికి మాత్రం నెలకు వంద, నూట పాతిక అద్దె తీసుకుంటారనుకోండి. చూశారా, కాగితం ఉచితమే గానీ డబ్బా ఉచితం కాదు. అద్దె మళ్లీ వేరే దారిలో వచ్చింది.

మోసాల గురించి ఎక్కువ చెప్పను, బ్యాంకులవాళ్లు రోజూ మెసేజీలు పంపి మీ ప్రాణం తీస్తున్నారు. ఒక్కటే చెప్తాను, ఇంటికెళ్లి మీ అమ్మానాన్నలకు చెప్పండి. స్కానర్ బొమ్మ పోస్టు డబ్బా లాంటిది. అందులో వేయడమే గానీ తీసుకోవడం ఉండదు. కాబట్టి "మీకు డబ్బులొస్తాయి, ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవడైనా అన్నాడంటే వాడు దొంగ. పిన్ కొడితే డబ్బు పోతుంది, రాదు. ఎప్పటికీ రాదు. పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఇక కొట్టువాళ్లు పొద్దున షట్టరు తీయగానే ఒకసారి మీ స్టిక్కర్ మీద వేరే స్టిక్కర్ అతికించారేమో గోటితో గీకి చూసుకోండి. నవ్వకండి, ఇలా జరిగిన ఊళ్లు ఉన్నాయి.

సరే. ఇప్పుడు నాకు నచ్చని విషయం.

ఈమధ్య కొన్నిచోట్ల బోర్డులు కనిపిస్తున్నాయి. 'నో క్యాష్', 'ఓన్లీ యూపీఐ'. పెద్ద ఊళ్లలో కాఫీ షాపులు, మాల్స్‌లో ఫుడ్ కోర్టులు, పార్కింగులు. ఫుడ్ కోర్టుల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. ముందు ఒక కార్డు కొనాలి, అందులో డబ్బు వేయించుకోవాలి, తిన్నాక మిగిలిన ముప్పయ్యో నలభయ్యో అందులోనే ఉండిపోతుంది. మళ్లీ ఎప్పుడు వెళ్తామో ఏమో. కండక్టర్ రాసిచ్చిన టికెట్ నయం కాదూ, దిగేలోపు అడిగి తీసుకునేవాళ్లం!

విజయవాడలో ఒక మాల్‌లో చూశాను. పేరు అనవసరం. పల్లెటూరి నుంచి వచ్చిన ముసలి దంపతులు, వెంట ఆరేడేళ్ల మనవడు. పిల్లాడు ఐస్‌క్రీమ్ అడిగాడు. ఆయన పంచె మడతలోంచి ఐదొందల నోటు తీశాడు. కొత్త నోటు, ఇలా పెళపెళలాడుతోంది. కౌంటర్లో అమ్మాయి "క్యాష్ తీసుకోమండీ, ఫోన్‌పేనే" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, గల్లా పెట్టె ఇవ్వకుండా కూర్చోబెట్టారు. ఆయనకు అర్థం కాలేదు. నోటు తిప్పి చూసుకున్నాడు, చిరిగిందేమోనని. "మంచి నోటేనమ్మా" అన్నాడు. దొంగనోటు అనుకుంటోందని ఆయన బాధ. తర్వాత లైన్లో ఉన్న ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు, "బాబూ, నీ ఫోన్లోంచి కొట్టవా, ఈ నోటు నీకిస్తాను" అని. కుర్రాళ్లు అనుమానంగా చూశారు, ఈ రోజుల్లో అలా అడిగేవాళ్లంటే భయం కదా. నేను కొట్టాను. అది గొప్పగా చెప్పుకోవడానికి కాదు. నేను అడిగేది ఒక్కటే. రైతు మనిషి, జేబులో డబ్బుంది, కొనడానికి వచ్చాడు. అప్పు అడగలేదు, బేరమాడలేదు. అలాంటి మనిషి ఐస్‌క్రీమ్ కోసం పదిమంది ముందు బతిమాలుకోవాలా?

నోటు మీద గవర్నరు సంతకం ఉంటుంది. రిజర్వు బ్యాంకు చట్టం 26వ సెక్షన్ ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. కానీ కొట్టువాడు నగదు తీసుకు తీరాలని విడిగా చట్టం మనకు లేదు. కొన్నిచోట్ల ఉంది. మీ పిల్లలు న్యూజెర్సీలో ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు, తెనాలి నుంచి అక్కడి ఎడిసన్ ఊరికి బస్సు వేసినా నిండుతుంది. ఆ న్యూజెర్సీలో 2019లో చట్టం చేశారు, కొట్లలో నగదు కాదనకూడదని. ఫిలడెల్ఫియా అదే ఏడాది. న్యూయార్క్ నగరం 2020లో, కాదంటే మొదటిసారి వెయ్యి డాలర్ల దాకా జరిమానా. ఎందుకు చేశారంటే, అక్కడ కూడా బ్యాంకు ఖాతా లేని పేదవాళ్లున్నారు, వాళ్లకు శాండ్‌విచ్ దొరకడం లేదని. నార్వే 2024 అక్టోబరు నుంచి చట్టం గట్టిచేసింది. స్వీడన్ అయితే అందరికంటే ముందు నోట్లు వదిలేసిన దేశం. ఇప్పుడు ఆ ప్రభుత్వమే ఇంటింటికీ పుస్తకం పంచి, ఒక వారానికి సరిపడా నగదు ఇంట్లో పెట్టుకోండి, చిన్న నోట్లూ పెద్ద నోట్లూ కలిపి పెట్టుకోండి అని చెప్తోంది. యుద్ధమొచ్చినా, కరెంటు పోయినా ఉంటాయని.

మన దగ్గర ఏం చేశారు? టోల్ గేటు చూడండి. ఫాస్టాగ్ లేకుండా వెళ్లి నోటిస్తే రెట్టింపు కట్టించుకున్నారు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐ చేస్తే ఒకటింపావు రెట్లు అన్నారు, నోటిస్తే మాత్రం రెండింతలే. లైన్లు ఆగకూడదని పెట్టారు, ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వం ఇచ్చిన నోటుకు ప్రభుత్వమే జరిమానా వేయడం చిత్రంగా లేదూ?

"ఇప్పుడు ఫోను లేనిదెవరికి సార్" అంటారు. ఫోను ఉండటం వేరు, ఆ సమయానికి పనిచేయడం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏమైంది? కరెంటు లేదు. ఫోన్లలో చార్జింగ్ లేదు. పడవలో పాలపాకెట్ వస్తే ఏం చూపించి కొంటారు? 2025 ఏప్రిల్ 12, శనివారం, యూపీఐ దేశమంతా గంటల తరబడి మొరాయించింది. అంతకు పక్షం ముందు కూడా ఒకసారి. హోటల్లో తిని కూర్చున్నవాళ్లు చేతులు కడుక్కుని ఎదురుచూశారు. అదే ఏప్రిల్ 28న స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో కరెంటు పోతే, జేబులో నోట్లున్నవాళ్లే కొనుక్కోగలిగారు.

ఇంకొకటుంది. ఇది బ్యాంకులో పనిచేసినవాడిగా చెప్తున్నాను. కూలి మనిషికి సాయంత్రం ఆరొందలు చేతిలో పెడితే ఆ ఆరొందలూ అతనివి. ఖాతాలో వేస్తే ముందు బ్యాంకువి. వాయిదా ఏదో బాకీ ఉంటుంది, కనీస నిల్వ లేదని ఏదో పడుతుంది, పొద్దున చూసుకుంటే మూడొందల యాభై ఉంటుంది. అడగడానికి వస్తే క్యూ. నేనే చెప్పి పంపేవాణ్ణి, "సిస్టమ్ కట్ చేసిందమ్మా" అని. సిస్టమ్ అంటే ఎవరు? వాళ్లకు తెలియదు, నాకూ సరిగా తెలియదు. హోటల్లో సర్వరుకు ఇచ్చే పది రూపాయలు ఏమయ్యాయి? బిల్లు ఓనరు స్కానర్‌కి పోతుంది, పళ్లెంలో చిల్లర రాదు, సర్వరుకు ఏమీ రాదు. ఇందాక పోపుల డబ్బా ఆడవాళ్ల గురించి గుర్తుపెట్టుకోమన్నాను. ఆ ఇంటి ఫోను ఎవరి చేతిలో ఉంటుందండీ? ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ ఆ ఫోనులో మెసేజీ వస్తుంది. తల్లికి మందులు కొనిపెట్టాలన్నా సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఇళ్లు ఎన్ని లేవు?

అందుకే ఒక విచిత్రం చూడండి. నోట్ల రద్దు ముందు దేశంలో చలామణిలో ఉన్న నగదు దాదాపు 18 లక్షల కోట్లు. ఇంత ఫోన్‌పే వచ్చాక తగ్గాలి కదా? 2025 మార్చి చివరికి 36 లక్షల కోట్లు దాటింది. రెట్టింపు! కొందరు నల్లడబ్బు అంటారు, అదీ ఉండొచ్చు. కానీ నాకు తెలిసి మామూలు జనం టీకి, కూరగాయలకు ఫోన్ వాడుతున్నారు, ఆపదకు మాత్రం నోటు దాచుకుంటున్నారు. జనం రెండూ కావాలంటున్నారు. ఒకటే చాలనేది బోర్డులు పెట్టేవాళ్లు.

వ్యాపారులు ఇంకో భయం చెప్తారు, అటు నుంచి. 2025 జులైలో బెంగళూరులో చూశారు కదా. అక్కడి వాణిజ్య పన్నుల శాఖ ఫోన్‌పే లెక్కలు తీసి చిన్న చిన్న బేకరీలకు, టీ కొట్లకు, కూరగాయల వాళ్లకు కూడా జీఎస్టీ నోటీసులిచ్చింది. ఏడాది అమ్మకం నలభై లక్షలు దాటింది, రిజిస్టర్ చేసుకోలేదని. దెబ్బకు ఊరంతా స్కానర్లు పీకేసి 'నో యూపీఐ, ఓన్లీ క్యాష్' అని రాసి పెట్టారు. తర్వాత ముఖ్యమంత్రి పిలిచి పాత బాకీలు వసూలు చేయబోమని చెప్పి సర్దారు. నేను మీకు చెప్పేది, భయపడి స్కానర్ తీసేయకండి. ఖాతాలో పడిందంతా అమ్మకం కాదు, అమ్మకమంతా లాభం కాదు. కానీ అది చూపించుకోవాల్సింది మీరే. బావమరిది పంపిన చేబదులు, చీటీ పాట డబ్బు, అమ్మకాల డబ్బు అన్నీ ఒకే నంబరులో వేసుకుంటే ఏది ఏదో మీకే తెలియదు, అధికారికేం తెలుస్తుంది? కొట్టుకి వేరే ఖాతా పెట్టుకోండి. పన్ను లేని కూరగాయలు అమ్మేవాళ్లు కొన్న చీటీలు దాచుకోండి. అదే స్టేట్‌మెంట్ రేపు లోనుకు పనికొస్తుంది. మా రోజుల్లో తోపుడుబండి ఆయన లోను అడిగితే "ఆదాయం రుజువేది" అనేవాళ్లం, ఆయన దగ్గర ఏముండేది? ఇప్పుడు ఉంది.

ఇక అసలు మాట. ఈ ఫోన్‌పే ఉచితం అంటున్నాం. నిజంగా ఉచితమా? మనం స్కాన్ చేసిన ప్రతిసారీ మన బ్యాంకు, కొట్టువాడి బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ, ఆ యాప్ కంపెనీ, ఇంతమంది కంప్యూటర్లు పనిచేస్తాయి. ఆ ఖర్చు ఎవరో భరిస్తున్నారు. చిన్న వ్యాపారులకు జరిగే రెండు వేల లోపు చెల్లింపుల కోసం కేంద్రం 2024-25కి 1,500 కోట్లు ప్రోత్సాహకంగా కేటాయించింది. అంటే మన పన్నుల డబ్బే. రిజర్వు బ్యాంకు గవర్నరు మల్హోత్రా గారు కూడా 2025లో చెప్పారు, ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాల్సిందేనని. యాప్‌లు చాలా ఉన్నాయి గానీ నూటికి ఎనభై లావాదేవీలు రెండు యాప్‌ల మీదే నడుస్తున్నాయి. రేపు ఎప్పుడైనా నూటికి పావలానో అర్ధో చార్జీ పెట్టారనుకోండి. మీరేం చేస్తారు?

ఇబ్రహీంపూర్ వాళ్లు ఏం చేశారు? మిషన్ వెనక్కి ఇచ్చారు. ఎలా ఇవ్వగలిగారు? ఊళ్లో నోట్లు నడుస్తున్నాయి కాబట్టి. గల్లా పెట్టె ఇంకా కొట్లో ఉంది కాబట్టి. అదే, కొట్లో గల్లా పెట్టె లేదు, చిల్లర లేదు, కొనేవాళ్ల జేబులో నోట్లు లేవు, బ్యాంకు ఏటీఎం మూసేసింది అనుకోండి. అప్పుడు చార్జీ ఎంత చెప్తే అంత కట్టాల్సిందే కదా. నోటు నడుస్తున్నంతకాలమే ఫోన్‌పే మీకు చవకగా దొరుకుతుంది. ఇది నేను ముసలివాళ్ల మీద జాలితో అంటున్న మాట కాదు, వ్యాపారం లెక్కలో అంటున్నాను. 'నో క్యాష్' బోర్డు పెట్టిన వ్యాపారి తన బేరమాడే శక్తిని తనే వదులుకుంటున్నాడు.

చీటీలు రెండు వచ్చాయి. మొదటిది, "పెళ్లిలో చదివింపులకు స్కానర్ పెట్టడం బాగుంటుందా?" అని. ఎవరండీ ఇది, పెళ్లి ఉందా ఇంట్లో? పెట్టుకోండి. బల్ల దగ్గర పుస్తకం రాసే బాబాయిని మాత్రం తీసేయకండి. స్కాన్ చేసినవాళ్ల పేరు ఫోనులో ఇంగ్లీషు పొడి అక్షరాల్లో వస్తుంది, రేపు వాళ్లింటి పెళ్లికి ఎంత చదివించాలో మీకెలా తెలుస్తుంది?

రెండోది, "పది రూపాయల బిళ్ల చెల్లుతుందా?" మళ్లీ ఇదే! చెల్లుతుందండీ. పద్నాలుగు రకాల బిళ్లలు వేశారు, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. మన ఊళ్లలోనే ఎందుకో ఈ పుకారు పోవడం లేదు. నోటు వద్దనేవాళ్ల మీద కోపగించుకున్నాను గానీ, బిళ్ల వద్దనేవాళ్లు మనలోనే ఉన్నారు. చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన బిళ్లలు వెయ్యి రూపాయల విలువ దాకా ఒకసారికి ఇవ్వొచ్చు. మీ దగ్గర పోగుపడితే లెక్కపెట్టి సంచిలో వేసి బ్యాంకుకి తీసుకెళ్లండి. కౌంటర్లో కుర్రాడు మొహం చిట్లిస్తాడు, నేనూ చిట్లించేవాణ్ణి. అయినా తీసుకుంటాడు. కాదంటే మేనేజరు గదిలోకి వెళ్లండి. టీ వచ్చినట్టుంది, తాగుతూ మిగతావి అడగండి.